ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్‌తో బ్లేజార్ల వేట: పర్లాకిమిడి నుంచి ఒక రివ్యూ

శని వలయాలు, చంద్రుడి మీద గుంతలు చూడ్డానికి టెలిస్కోప్ కొనేవాళ్ళకి ఈ రివ్యూ అక్కర్లేదు. ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ ఏది కొన్నా అవి బాగానే కనిపిస్తాయి, ఆ ముచ్చట్లు నెట్‌లో కుప్పలున్నాయి. నేను చెప్పేది వేరే వాడకం. కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న, బ్లేజార్ అనే రకం గెలాక్సీ నడిబొడ్డు వెలుగు పోయిన వారం కంటే పెరిగిందా, తగ్గిందా అని కంటితో అంచనా కట్టడం. ఆ పనికి ఈ గొట్టం పనికొస్తుందా అంటే, వస్తుంది. దాంతోపాటు పెట్టెలో వచ్చిన సామాన్లలో సగం మాత్రం పనికిరావు.

నాది పర్లాకిమిడిలో చిన్న ఫొటో స్టూడియో. పెళ్ళి ఆల్బమ్‌లు, పాస్‌పోర్ట్ ఫొటోలు, సీజన్ లేనప్పుడు జిరాక్స్, లామినేషన్. ఫిల్మ్ రోజుల్లో ఎర్ర బల్బు కింద ప్రింట్లు కడిగినవాణ్ణి. రెండు బూడిద ఛాయల మధ్య తేడా పట్టడం నాకు కూటి విద్య. చుక్కల వెలుగు పోల్చడానికి కావలసింది కూడా సరిగ్గా అదే కాబట్టి ఈ సరదా నన్ను పట్టుకుని వదల్లేదు.

ముందు సరుకు సంగతి. అద్దం 203 మిల్లీమీటర్లు, ఫోకల్ దూరం 1200. కింద చెక్క పెట్టె లాంటి స్టాండు, పైన పొడుగాటి గొట్టం. మోటారు లేదు, కంప్యూటర్ లేదు, చేత్తో తిప్పుకోవడమే. జాన్ డాబ్సన్ అనే ఆయన అమెరికాలో పేవ్‌మెంట్ల మీద పెట్టి దారినపోయేవాళ్ళకి చూపించిన పద్ధతి ఇది. డబ్బంతా అద్దంలోకి వెళ్తుంది, హంగులకి పోదు. నాకు అన్నీ కలిపి 50 వేలు దాటింది. గొట్టం ఒక మనిషి ఎత్తగలడు, స్టాండు ఇంకో మనిషి. ఒక్కరే రెండూ ఎత్తుకుని మేడ మెట్లెక్కాలంటే నడుం పట్టేస్తుంది.

డెలివరీ ఒక పెద్ద కథ. సైట్‌లో మా పిన్ కోడ్ కొడితే పచ్చ టిక్కు వచ్చింది, డబ్బు కట్టేశాం. తర్వాత కొరియర్ కుర్రాడు శ్రీకాకుళం నుంచి ఫోన్ చేసి, "సార్, మీది ఒడిశా, మా లైన్ కాదు, భువనేశ్వర్ పంపేస్తాం" అన్నాడు. ఇక్కణ్ణించి బోర్డర్ దాటితే పాతపట్నం. ఆ పాతపట్నం దాకా వాళ్ళ బండి రోజూ వస్తుంది. ఆ నాలుగు అడుగులు ఇవతలికి మాత్రం రాదు! చివరికి మా బావమరిది పాతపట్నంలో ఉన్నాడు కాబట్టి బతికిపోయాను. వాడి అడ్రస్ రాయించి, ఆటోలో వేసుకుని తెచ్చుకున్నాం. అద్దానికి దెబ్బ తగల్లేదు. థర్మాకోల్ ప్యాకింగ్‌కి మాత్రం ఫుల్ మార్కులు.

తెచ్చిన రాత్రే బావమరిది కన్ను పెట్టి చూశాడు. నేను చూపించింది 3సీ 273. కన్యారాశిలో ఈటా అనే చుక్క దగ్గర మొదలుపెట్టి, మ్యాప్ చూసుకుంటూ చుక్క నుంచి చుక్కకి వెళ్ళి పట్టుకోవాలి.

"బావా, ఏటున్నాదిందులో?"

"మధ్యలో మినుకుమంటున్న చుక్క చూడు."

"చుక్కలాగే ఉన్నాది. ఇలాటివి వంద ఉన్నాయి కదా."

"అది చుక్క కాదురా. సుమారు 240 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. క్వాజార్."

వాడు కాసేపు ఆలోచించి, "దీనికి యాభై వేలా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఈ రివ్యూ అంతా దానికి జవాబు అనుకోండి.

ఆ 3సీ 273 మాగ్నిట్యూడ్ 12.9 చుట్టుపక్కల ఉంటుంది. మాగ్నిట్యూడ్ అంటే చుక్క వెలుగుని చెప్పే అంకె, అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువ. 1963లో మార్టెన్ ష్మిట్ అనే ఖగోళ శాస్త్రవేత్త, రంగులుగా విడదీసిన దాని స్పెక్ట్రమ్‌లో గీతలన్నీ ఎరుపు వైపు దాదాపు 16 శాతం జరిగి ఉండటం గుర్తించాడు. అంత జరిగాయంటే అది చాలా దూరంలో ఉన్నట్టు లెక్క. ఇలా చుక్కలా కనిపించే క్వాజార్ అంత దూరంలో ఉండి కూడా చిన్న టెలిస్కోప్‌కి అందుతోందంటే, దాని అసలు వెలుగు మొత్తం గెలాక్సీ వెలుగుని మించి ఉండాలి. ఆ వెలుగుకి మూలం గెలాక్సీ మధ్యలో కోట్ల సూర్యుల బరువున్న కృష్ణబిలం. చుట్టూ తిరుగుతూ లోపలికి జారే వాయువు వేడెక్కి వెలుగుతుంది. అందులో కొంత లోపల పడకుండా, అయస్కాంత క్షేత్రాల పట్టులో చిక్కి, రెండు ధ్రువాల వైపు సన్నటి జెట్‌లుగా బయటికి తన్నుకొస్తుంది. వేగం కాంతి వేగానికి ఇంచుమించు దగ్గర. ఆ జెట్ సరిగ్గా మన వైపు గురిపెట్టి ఉంటే ఆ గెలాక్సీని బ్లేజార్ అంటారు. మన వైపు దూసుకొస్తున్నందువల్ల దాని వెలుగు మనకి వందల, వేల రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. పైగా అక్కడ నెలలు పట్టే మార్పు మన కంటికి రోజుల్లో అయిపోయినట్టుంటుంది. అందుకే మా మేడ మీద కూర్చుని చూడ్డానికి వీలున్న గెలాక్సీ కేంద్రాల్లో బ్లేజార్లంత చురుగ్గా మారేవి ఇంకేవీ లేవు.

వాటిలో నాకు ఇష్టమైనది బీఎల్ లాసెర్టే. 1929లో కూనో హోఫ్‌మైస్టర్ అనే జర్మన్ దీన్ని చూసి, వెలుగు మారే మామూలు నక్షత్రం అనుకున్నాడు. అందుకే దానికి నక్షత్రాల పద్ధతిలోనే పేరు వచ్చింది. 1968లో ఒక రేడియో మూలమూ ఇదీ ఒకటేనని తేలింది. సుమారు 90 కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఉంది. మాగ్నిట్యూడ్ 14 నుంచి 16, ఒక్కోసారి ఇంకా మసకగా. కానీ 2020, 2021ల్లో ఎన్నడూ లేనంతగా చెలరేగి 12 దరిదాపులకి వచ్చింది. 15 నుంచి 12 అంటే మూడు మాగ్నిట్యూడ్లు, దాదాపు 16 రెట్లు.

ఎందుకు చెలరేగుతుంది? ఇక్కడే షాక్ వేవ్‌లు వస్తాయి. జెట్‌లోకి వెళ్ళే ప్రవాహం ఒకే వేగంతో పోదు. ముందు వెళ్ళింది నెమ్మదిగా, వెనక బయల్దేరింది జోరుగా ఉంటే, రెండోది మొదటిదాన్ని అందుకుంటుంది. మా మహేంద్రతనయ నది చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. పైన కొండల్లో గట్టి వాన పడితే, అప్పటికే పారుతున్న నీటి మీదికి వెనక నుంచి ఎర్రనీళ్ళ గోడ ఒకటి నురగ కక్కుకుంటూ వచ్చి పడుతుంది. ఆ నురగ అంచు దగ్గర ఉన్నట్టుండి ఎత్తు, ఒత్తిడి, గందరగోళం. జెట్‌లో ఆ అంచే షాక్. ప్లాస్మా, అంటే విద్యుదావేశం ఉన్న వేడి వాయువు, నొక్కుకుపోతుంది, దాంతోపాటు అయస్కాంత క్షేత్రమూ బిగుస్తుంది. ఎలక్ట్రాన్లు అంచుకి అటూ ఇటూ పడుతూ లేస్తూ శక్తి పుంజుకుంటాయి. అలా వేగం పట్టిన ఎలక్ట్రాన్లు అయస్కాంత రేఖల చుట్టూ మెలికలు తిరుగుతూ వెలుగు కక్కుతాయి. దాన్ని సింక్రోట్రాన్ వెలుగు అంటారు. కన్ను ఆనించి చూసే నా ఐపీస్‌లో ఆ చుక్క వెలుగులో చాలా భాగం ఇదే.

వెనకొచ్చినది ముందుదాన్ని గుద్దే ఈ ఆలోచన 1978లో మార్టిన్ రీస్‌ది. తర్వాత 1985లో మార్షర్, గియర్ అనే ఇద్దరు, 3సీ 273లో 1983లో వచ్చిన పొంగుని తీసుకుని, జెట్ వెంట కిందికి నడిచే షాక్ ఒకటి పెరిగి తగ్గితే ఏ తరంగదైర్ఘ్యంలో ఎప్పుడు వెలుగు పెరగాలో లెక్క కట్టారు. ఎక్కువ శక్తి ఉన్న ఎలక్ట్రాన్లు త్వరగా అలిసిపోతాయి కాబట్టి షాక్ అంచుకి దగ్గర్లోనే వెలిగి ఆరిపోతాయి. తక్కువ శక్తివి దూరం దాకా వెళ్తాయి. అందుకని పొడుగు తరంగాల్లో పొంగు ఆలస్యంగా, నింపాదిగా కనిపిస్తుంది. రేడియోవాళ్ళకి పండగ వచ్చేసరికి కంటితో చూసేవాళ్ళకి ఒక్కోసారి నిమజ్జనం కూడా అయిపోతుంది. హవాయి నుంచి వర్జిన్ ఐలాండ్స్ దాకా పరిచిన పది డిష్‌లని కలిపి వీఎల్‌బీఏ అనే రేడియో టెలిస్కోప్ తీసిన బొమ్మల్లో, ఇలాంటి పొంగుల తర్వాత జెట్‌లో కొత్త ముద్ద ఒకటి బయల్దేరి జరుగుతూ కనిపిస్తుంది. ఆ ముద్ద కాంతి కంటే వేగంగా పోతున్నట్టు ఉంటుంది కానీ అది మన వైపు వస్తున్నందువల్ల కలిగే భ్రమ.

అన్ని షాక్‌లూ నడవవు. కొన్ని ఉన్నచోటే నిలబడి ఉంటాయి. బయటి వాయువు జెట్‌ని నొక్కి మళ్ళీ సన్నం చేసే చోట అలాంటిది ఏర్పడుతుంది, దాని గుండా ప్రవాహం పోతూనే ఉంటుంది. ఎం87 గెలాక్సీ జెట్‌లో హెచ్‌ఎస్‌టీ-1 అనే ముద్ద అలాంటిదేనని చాలామంది అనుకుంటున్నారు. 2000 తర్వాత అది ఎక్స్-రేల్లో పెరుగుతూ పెరుగుతూ 2005 నాటికి 50 రెట్లు దాటింది, ఆ తర్వాత తగ్గింది. ఆ జెట్‌ని హెబర్ కర్టిస్ 1918లోనే ఫొటో ప్లేటు మీద తిన్నని కిరణంలా ఉందని రాసి పెట్టాడు. ఎం87 నా గొట్టంలో గుండ్రటి దూదిపింజలా తేలిగ్గా దొరుకుతుంది. జెట్ మాత్రం కనపడదు. కనపడుతుందని ఎవరైనా అమ్మకందారు చెబితే ఫోన్ పెట్టేయండి.

చుక్క వెలిగినప్పుడల్లా షాకే అనుకోకూడదు. జెట్ కాస్త వంగి మన వైపు ఇంకొంచెం తిరిగినా వెలుగు పెరుగుతుంది. అయస్కాంత రేఖలు తెగి అతుక్కున్నా పెరుగుతుంది. ప్రవాహంలో సుడులు నిలబడిన షాక్ గుండా పోతుంటే గంటల్లో కూడా మినుకుతుంది. ఏది ఏదో తేల్చాలంటే వెలుగు ఎంతో తెలిస్తే సరిపోదు, దాని ధ్రువణం కూడా కావాలి, అంటే ఆ వెలుగు తరంగాలు ఎంతవరకు ఒకే దిక్కుగా ఊగుతున్నాయో తెలియాలి. 2022 మార్చిలో ఐఎక్స్‌పీఈ ఉపగ్రహం మార్కేరియన్ 501 అనే బ్లేజార్‌ని చూసినప్పుడు, ఎక్స్-రే ధ్రువణం దాదాపు 10 శాతం, కంటికి కనిపించే వెలుగులో దానికి సగం వచ్చింది. ఎక్స్-రేలు షాక్ అంచుకి దగ్గర, అయస్కాంత రేఖలు ఒద్దికగా ఉన్నచోట పుట్టి, మామూలు వెలుగు కాస్త అవతల చిందరవందరగా ఉన్నచోట పుడితే లెక్క అలాగే రావాలి. షాక్ వాదానికి ఇది బాగా కలిసొచ్చింది. నా డాబ్సోనియన్ ధ్రువణం కొలవలేదు. అంత ఆశ పెట్టుకుని కొనొద్దు.

సరే, కంటితో చేసే పని ఏమిటి? అమెరికాలో 1911 నుంచి ఉన్న ఏఏవీఎస్ఓ అనే సంఘం ప్రతి చుక్కకీ మ్యాప్ ఇస్తుంది, ఉచితంగా. మ్యాప్‌లో చుట్టూ ఉన్న మారని చుక్కల పక్కన అంకెలుంటాయి. 128 అంటే 12.8. పాయింటు పెట్టరు, పెడితే అదీ ఒక చుక్కే అనుకుంటారని. బ్లేజార్ కంటే కొంచెం ఎక్కువ వెలుగున్నదాన్ని ఒకటి, కొంచెం తక్కువది ఒకటి ఎంచుకుని, మనది ఆ రెంటి మధ్య ఎక్కడుందో చూడాలి. తిన్నగా చూస్తే మసక చుక్క మాయమైపోతుంది. కొద్దిగా పక్కకి చూపు పెట్టి ఓరచూపుతో చూడాలి. మూడింటినీ ఒకే తీరు ఓరచూపుతో చూడాలి, లేకపోతే అంచనా తప్పుతుంది. ఎర్రగా ఉన్న చుక్కని పోలికకి తీసుకోవద్దు, తేరిపార చూసేకొద్దీ వెలుగు పెరిగినట్టనిపిస్తుంది. డార్క్‌రూమ్‌లో పనిచేసినవాళ్ళకి కళ్ళు చీకటికి అలవాటు పడ్డానికి ఎంతసేపు పడుతుందో తెలుసు. మధ్యలో ఎవరైనా మొబైల్ టార్చ్ వేస్తే నాకు ఎంత కోపం వస్తుందో మా ఇంట్లోవాళ్ళకి తెలుసు.

దసరా దాటాక మబ్బు విడిచిన రాత్రి, బీఎల్ లాసెర్టే సాయంత్రానికే ఈశాన్యంలో మహేంద్రగిరి వైపు నుంచి పైకొచ్చి ఉంటుంది. అక్టోబర్ సగంలో ఎనిమిదిన్నర, తొమ్మిదికి ఉత్తరాన నెత్తికి దగ్గరగా వస్తుంది. 25 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే 48 రెట్లు, 10 పెడితే 120 రెట్లు. 120 రెట్లలో ఆకాశం నల్లబడి మసక చుక్కలు తేలతాయి. ఊళ్ళో కొత్త ఎల్ఈడీ స్తంభాలు వచ్చాక మేడ మీంచి 13 దాటడం గగనం. గుమ్మ వైపు కొండల్లో మా వాళ్ళ జీడితోటలో పెడితే 14 దాకా దొరుకుతోంది. అంటే బీఎల్ లాసెర్టే నిద్రపోతున్నప్పుడు నాకు కనపడదు, లేచినప్పుడు కనపడుతుంది. కనపడకపోతే "ఫలానా అంకె కంటే మసక" అని రాసి పంపుతాను. అదీ సమాచారమే.

వేసవిలో సప్తర్షి మండలంలో మార్కేరియన్ 421 అనే బ్లేజార్ ఉంది. సుమారు 40 కోట్ల కాంతి సంవత్సరాలు. 1992లో అమెరికాలోని విప్పుల్ టెలిస్కోప్ దీని నుంచి అతి శక్తిమంతమైన గామా కిరణాలు పట్టింది. మన గెలాక్సీ బయట అలా దొరికిన మొదటిది ఇదే. లద్దాఖ్‌లోని హాన్లేలో 2024 అక్టోబర్‌లో ప్రారంభించిన 21 మీటర్ల మేస్ టెలిస్కోప్ వెతికేదీ ఇలాంటివాటి కోసమే. దాన్ని బాబా అణు పరిశోధన కేంద్రం (బార్క్) కోసం తయారుచేసింది మన హైదరాబాద్ ఈసీఐఎల్. చూడ్డంలో చిక్కు ఏమిటంటే, పక్కనే 51 ఉర్సా మేజోరిస్ అనే వెలుగు చుక్క కళ్ళలో పడుతుంది. దాన్ని ఐపీస్ అంచు బయటికి నెట్టి చూడాలి. ఇంకో చిక్కు మాది: మార్చి, ఏప్రిల్‌లో కొండల మీద పోడుకి పెట్టే మంటల పొగ. ఆ రోజుల్లో ఏ అద్దమైనా ఒకటే.

ఇక తిట్లు. ఫైండర్, అంటే గురిపెట్టడానికి గొట్టం మీద ఉండే చిన్న టెలిస్కోప్, తిన్నగా చూసేది ఇచ్చారు. నెత్తి మీద చుక్క కోసం మెడ విరుచుకుని నేల మీద మోకాళ్ళేసి చూడాలి. దాని స్క్రూలు సన్నగా ఉండి, గొట్టం దించి ఎక్కించిన ప్రతిసారీ గురి తప్పుతాయి. లంబకోణంలో చూసే ఫైండర్ వేరే కొన్నాను. 10 మిల్లీమీటర్ల ఐపీస్ అంచుల్లో చుక్కలకి తోకలొస్తున్నాయి. పోల్చాల్సిన చుక్క అంచున పడితే దాని వెలుగు తక్కువగా తోస్తుంది, మన పనికి ఇది అసలు లోపం. అద్దాలు సరిచూసుకునే లేజర్ కూడా ఇచ్చారు కానీ ఆ లేజరే వంకర. గొట్టంలో పెట్టి తిప్పితే ఎర్ర చుక్క గుండ్రంగా తిరుగుతోంది. కస్టమర్ కేర్‌కి వీడియో తీసి పంపితే, "అడ్జస్ట్ చేసుకోండి" అని జవాబు. స్టూడియోలో ట్రైపాడ్లు బాగుచేసినవాణ్ణి కాబట్టి చేసుకున్నాను. కొత్తవాళ్ళు ఏం చేస్తారు?

స్టాండు పార్టికల్ బోర్డుది. శ్రావణంలో అంచులు ఉబ్బాయి, తిప్పితే పట్టి పట్టి కదిలేది. కొన్న వెంటనే అంచులకి టేపో, పెయింటో వేయించండి. ఐపీస్‌లకి ఫంగస్ పట్టకుండా గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి దాచండి. కెమెరా లెన్సులకి ఏ జాగ్రత్తో దీనికీ అదే, మా తీరపు తేమ ఎవర్నీ వదలదు.

మెచ్చుకోవాల్సింది అద్దం. బయట పెట్టి ఓ అరగంట చల్లారనిస్తే, చుక్కలు సూదిమొనల్లా నిలబడతాయి. ఫోకస్ మరలో వదులు లేదు. పెద్ద అద్దం వెనక చిన్న ఫ్యాన్ ఇచ్చారు, పవర్ బ్యాంక్‌తో నడుస్తుంది.

మా వీధిలో రిటైరైన ఒడియా మాస్టారు ఒకరున్నారు. గొట్టం చూసి, "ఆజ్ఞా, మా పఠాణి సామంత వెదురు గొట్టాలు, కర్రపుల్లలతో గ్రహాల లెక్కలు కట్టాడు, మీకు ఇంత పెద్దది కావాలా?" అన్నారు. ఆయన గర్వం ఆయనది, తప్పులేదు. 1904లో పోయిన ఆ మహానుభావుడు ఖండపడలో కూర్చుని చేసింది మామూలు విషయం కాదు. కానీ 13వ మాగ్నిట్యూడ్‌కి వెదురు చాలదు కదా మాస్టారూ!

స్మార్ట్ టెలిస్కోప్ కొనుక్కోవచ్చుగా అని చాలామంది అడుగుతున్నారు. ఫోన్‌కి ఫొటో పంపే రకం, దాని లెన్సు 30 నుంచి 50 మిల్లీమీటర్లు. నిజానికి మసక చుక్కని ఫొటోగా కూడబెట్టడంలో అది నా గొట్టం కంటే ముందుంటుంది, వెలుగుని ఇంకా కచ్చితంగా కొలవొచ్చు కూడా. 1997 నుంచి బ్లేజార్ల మీద పనిచేస్తున్న డబ్ల్యూఈబీటీ బృందంలో చిన్న టెలిస్కోప్‌ల కొలతలూ కలుస్తాయి. అంకెలే ముఖ్యం అనుకునేవాళ్ళు అదే కొనండి. పగలంతా స్క్రీన్ ముందు కూర్చునే నాకు రాత్రి కూడా స్క్రీన్ చూడబుద్ధి కాలేదు, అంతే.

అద్దానికి ఐదుకి ఐదు, పెట్టెలో మిగతా సామానుకి రెండు, కస్టమర్ కేర్‌కి ఒకటి. కొనేవాళ్ళు మంచి ఐపీస్‌కీ, ఫైండర్‌కీ ఇంకో ఆరేడు వేలు పక్కన పెట్టుకోండి. గజపతి, రాయగడ జిల్లాలవాళ్ళు పార్సిల్‌ని ఆంధ్రా వైపు చుట్టాల అడ్రస్‌కి వేయించుకోండి. పిన్ కోడ్ పక్కన ఆ పచ్చ టిక్కుని నమ్మొద్దు.